పరువు కావాల్నా, పేరు కావాల్నా?



పోస్టు జెర పెద్దగా ఉంటది. సగం చదివి తిట్టకండి, మొత్తం చదివి తిట్టండి.

మేం ఇచ్చోడలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నోళ్లం. మాలో చాలామందిమి మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఒక నాటకం వేస్తామని అడిగాం. నలభై నిమిషాల నాటకం, సగం గోండిలో, సగం తెలుగులో. మంత్రాల నెపం పెట్టి మనుషుల్ని ఉరి తీసిన ఊరి కథ. రాత్రి అన్నం తిన్నంక మెస్ హాల్‌లో బెంచీలు పక్కకు జరిపి రెండు నెలలు రిహార్సల్ చేసుకున్నాం. ఇంక వారం ఉందనగా ప్రోగ్రాం చూసుకునే అన్నలు పిలిచి "ఇది వద్దు తమ్మీ, గుస్సాడీ పెట్టుకోండ్రి" అన్నారు.

ఎందుకన్నా అని అడిగితే మూడు కారణాలు చెప్పారు. ఒకటి, అది అమెరికా కథ, మనకేం సంబంధం. రెండు, చేతబడి, మంత్రాలు అని మనమే స్టేజీ ఎక్కి చూపిస్తే బయటోళ్లు ఆదివాసులంటే గింతే అంటరు, పరువు పోతది. మూడు, మన దేవుళ్లను, మన దేవారిని అవమానం చేసినట్టు అయితది.

అన్నల మీద మాకు కోపం లేదు. మేం హాస్టల్‌లో చేరిన రోజు మా పెట్టెలు మోసింది వాళ్లే. కానీ చెప్పిన మూడు కారణాలూ తప్పు. ఎందుకు తప్పో ఒక్కొక్కటి చెప్తాం.

ముందు కథ, చదవనోళ్ల కోసం

నాటకం పేరు ద క్రూసిబుల్. రాసింది ఆర్థర్ మిల్లర్. 1953 జనవరిలో న్యూయార్క్‌లో మొదటిసారి ఆడారు. క్రూసిబుల్ అంటే మూస. మన ఉషేగాంలో ఓజా వాళ్లు ఇత్తడి కరిగిస్తరు కదా, ఆ మూస. మంట మీద పెడితే ఏది లోహమో ఏది మష్టో తేలిపోతది. ఈ నాటకంలో ఊరికి ఊరే మూస.

1692వ సంవత్సరం. అమెరికాలో మసాచుసెట్స్, అక్కడ సేలం అనే ఊరు. ఆ ఊరి పాస్టర్ ప్యారిస్. ఒక రాత్రి అడవిలో ఆడపిల్లలు డాన్స్ చేస్తుంటే ఆయన కంట్లో పడతారు. తెల్లారి ఆయన బిడ్డ మంచం మీంచి లేవదు. ఊరంతా మంత్రాలు అని గుసగుస. ఆయన మేనకోడలు అబిగెయిల్ తన తప్పు దాచుకోవడానికి ఇంట్లో బానిసగా ఉన్న టిటుబా మీదికి నెట్టేస్తుంది. కొడతాం, ఉరి తీస్తాం అని బెదిరిస్తే టిటుబా ఒప్పుకుంటది. నీతో పాటు ఇంకెవరున్నరో చెప్పు అంటారు. ఆమెకు ఏ పేరూ తోచదు. అప్పుడు పుట్నమ్ అనే భూస్వామి రెండు పేర్లు ఆయనే అందిస్తాడు. ఆమె ఆ రెండు పేర్లే తిరిగి చెప్తది. అంతే, అక్కడి నుంచి పేరు మీద పేరు, ఇంటి మీద ఇల్లు.

కోర్టు పద్ధతి ఎట్లుందంటే, నేను చేసిన అని ఒప్పుకుని ఇంకో నలుగురి పేర్లు చెప్పినోళ్లు బతుకుతరు. నేను చేయలేదు అన్నోళ్లకు ఉరి. అబద్ధం చెప్పినోడు ఇంటికి, నిజం చెప్పినోడు ఉరికొయ్యకు. ఇది మిల్లర్ కల్పించింది కాదు. నిజంగా జరిగింది. 19 మందిని ఉరి తీశారు, అందులో 14 మంది ఆడవాళ్లు. గైల్స్ కోరీ అనే ముసలాయన కోర్టుకు జవాబు చెప్పనన్నాడని గుండె మీద బండలు పేర్చి చంపారు. కనీసం ఐదుగురు జైల్లోనే పోయారు.

మిల్లర్ దీన్ని ఊరికే రాయలేదు. 1950లలో అమెరికాలో ఫలానా వాడు కమ్యూనిస్టు అని వేలు చూపిస్తే చాలు, ఉద్యోగం ఊడేది. నీ దోస్తుల పేర్లు చెప్తే నిన్ను వదిలేస్తం అనేవాళ్లు. 1956లో మిల్లర్‌నే పిలిచి పేర్లు అడిగారు. చెప్పలేదు. 1957లో శిక్ష పడింది, 1958లో పైకోర్టు కొట్టేసింది. పేర్లు చెప్పు, వదిలేస్తం అనే మాట మన గూడేలకు కొత్త కాదు. తాతలను అడగండి, వాళ్లకు బాగా తెలుసు.

మొదటి కారణం: అది అమెరికా కథ

ఈ నాటకం మీద బజార్లో దొరికే నోట్సులో ఏముంటదో చెప్తాం. పాత్రలు, సంఘర్షణ, పది మార్కుల ప్రశ్న. జాన్ ప్రాక్టర్ అనే రైతుకు అబిగెయిల్‌తో ఒకప్పుడు సంబంధం ఉండె. ఆమె ప్రాక్టర్ ఇంట్లో పనిచేసేది, భార్య ఎలిజబెత్ పనిలోంచి తీసేసింది. అబిగెయిల్ పగబట్టి ఎలిజబెత్ మీద మంత్రాల నింద వేసింది. కాబట్టి బయటి సంఘర్షణ ప్రాక్టర్‌కూ అబిగెయిల్‌కూ, లోపలి సంఘర్షణ ప్రాక్టర్‌కూ అతని మనసుకూ. ఇట్ల రాస్తే ఎనిమిది మార్కులు గ్యారంటీ.

మేమూ మొదట అట్లనే చదివినం. లవ్ స్టోరీలాగ. తర్వాత తెలిసింది, అసలు చరిత్రలో అబిగెయిల్‌కు పదకొండో పన్నెండో ఏళ్లు, ప్రాక్టర్ అరవై ఏళ్ల మనిషి అని. ఆ సంబంధం మిల్లర్ నాటకం కోసం పెట్టుకున్నది. నిజం సేలంలో ఆ ప్రేమా లేదు, ఆ పగా లేదు. అయినా 19 మందిని ఉరి తీశారు కదా! ప్రేమ పగ తీసేసినా ఉరితాళ్లు మిగిలినయంటే, అసలు సంఘర్షణ వేరే చోట ఉన్నట్టే కదా.

అదెక్కడుందో నాటకంలోనే ఉంది. పుట్నమ్‌కు భూమి ఆశ. నేరస్తుడని తేలితే జాకబ్స్ భూమి పోతది, అది కొనే స్తోమత ఊర్లో పుట్నమ్‌కే ఉంది. అందుకే కూతురితో జాకబ్స్ పేరు చెప్పించాడని గైల్స్ కోరీ కోర్టులో మొత్తుకుంటడు. పుట్నమ్ భార్య ఆన్‌కు ఏడుగురు పసిపిల్లలు పుట్టి పుట్టి చనిపోయారు. పక్కనే రెబెకా నర్స్ అనే ముసలామెకు పదకొండు మంది పిల్లలు, ఇరవై ఆరుగురు మనుమలు. నా పిల్లలే ఎందుకు పోవాలి అనే ప్రశ్నకు జవాబు దొరకక ఆ తల్లి రెబెకాను చూపిస్తది. మొదట పేరు పడ్డ ఆస్‌బర్న్ ఎవరు? ఆన్‌కు మూడుసార్లు కాన్పు చేసిన ఆమె. మార్తా కోరీ ఎట్ల దొరికింది? మొగుడు గైల్స్ నోరు జారి, మా ఆమె ఏందో పుస్తకాలు చదువుతది అన్నాడు. ఆమె దగ్గర పంది కొన్నోడు దానికి సరిగ్గ మేత వేయక చంపుకుని, ఆ పుస్తకాలతోనే మంత్రం పెట్టిందన్నాడు.

భూమి, పిల్లల చావు, కాన్పు చేసే చెయ్యి, చదివే ఆడది. ఇందులో మనది కానిదేది? చెప్పండి.

తెలుగులో కాన్పు చేసే ఆమెను మంత్రసాని అంటారు. చేతబడి చేసిందని నింద పడ్డామెను మంత్రగత్తె అంటారు. ఆ మాటకూ ఈ మాటకూ మధ్య ఒక్క బిడ్డ చావే దూరం.

ఇప్పుడు మా సంగతి. మాతో నాటకంలో ఉన్న ఒక చెల్లె వాళ్ల అవ్వ కాన్పులు చేసేది. ఊరి పేరు రాయం, అవ్వ పేరు అసలే రాయం. ఆ అవ్వ చేతుల మీదుగానే ఆ గూడెంలో సగం మంది పుట్టారు. ముసలాయన పోయాక నాలుగెకరాలు ఒక్కతే చేసుకునేది. ఒక వానాకాలం గూడెంలో నెల తిరగకుండ ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. వాగు పొంగి ఉంది, బండి రాదు. వానలు తగ్గినంక ఎక్కడినుంచో ఒకాయనను చూసేటందుకు పిలిపించారు. ఆయన బియ్యం గింజలు చేటలో వేసి చూసి, పేరు చెప్పలేదు. ఊరికి తూర్పు దిక్కు ఇల్లు, మొగుడు లేని ఆడది, చెట్ల మందు తెలిసిన చెయ్యి అన్నాడు. గూడెంలో తూర్పు దిక్కు అట్లాంటి ఇల్లు ఒక్కటే ఉంది. పుట్నమ్ రెండు పేర్లు అందించిండు, ఈయన దిక్కు అందించిండు. తేడా ఏముంది?

అవ్వను ఎవరూ కొట్టలేదు. మాట్లాడుడు మానేసిండ్రు. బోరింగు కాడికి పోతే బిందెలు తీసుకుని పక్కకు జరిగిండ్రు. దీపావళికి దండారి ఆమె ఇంటి ముందు ఆగలేదు. ఆరు నెలలు చూసి అవ్వ బిడ్డ ఊరికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ నాలుగెకరాల్లో మరిది కొడుకులు పత్తి పెట్టిండ్రు. 1/70 చట్టం ఏజెన్సీలో మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతది. మరిది కొడుకుల చేతికి పోతే ఆపదు.

ఆ పిల్లలు ఏ జ్వరంతో పోయారో ఈ రోజుకీ ఎవరికీ తెల్వదు. ఒక్క బొట్టు రక్తం కూడా పరీక్ష కాలేదు.

ఇది అమెరికా కథనా?

రెండో కారణం: పరువు

ఇది అన్నల అసలు భయం. మాకు అర్థమైతది. బయటోళ్లు మనల్ని ఎట్ల చూస్తరో మేం రోజూ కాలేజీలో చూస్తున్నాం. మనోళ్ల మీద చేతబడి వార్త వస్తే, అడవి మనుషులు ఇంకా మారలే అంటరు. ఆ మాట మాకూ మండుతది.

కానీ అది అబద్ధమని చెప్పాలంటే దాచుడు కాదు, విప్పి చూపించాలి. సేలం వాళ్లు అడవిలో ఉన్నోళ్లా? బైబిల్ రోజూ చదివేటోళ్లు. 1636లోనే హార్వర్డ్ కాలేజీ పెట్టుకున్న రాజ్యం వాళ్లది. ఉరిశిక్ష వేసింది చదువుకున్న జడ్జీలు. మన రాష్ట్రంలో చూద్దాం. 1980లలో మెదక్ జిల్లాలో బాణామతి అని ఊళ్లకు ఊళ్లు వణికితే, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు, డాక్టర్లు ఊరూరు తిరిగి జనానికి చెప్పాల్సి వచ్చింది. అవి ఆదివాసీ గూడేలు కావు. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో తండ్రిని, ఇద్దరు కొడుకులను మంత్రాల అనుమానంతో చంపారు. అది అడవి కాదు, జిల్లా కేంద్రం. చంపింది చీకట్లో కాదు, కుల సంఘం మీటింగు కాడ. 2025 జూలైలో బీహార్ పూర్ణియా జిల్లా తెట్‌గామాలో ఒకే ఇంట్లో ఐదుగురిని మంత్రాల నెపంతో కాల్చేశారు. వాళ్లు ఒరాన్‌లు, మనలాంటి ఆదివాసులే. అక్కడ కూడా ముందు ఒక పిల్లవాడి చావే.

కాబట్టి ఇది ఆదివాసులకే పుట్టిన జబ్బు కాదు. కానీ మనకు లేని జబ్బు కూడా కాదు. రెండు మాటలూ కలిపి చెప్పే ధైర్యం ఉండాలి.

ఇప్పుడు ప్యారిస్ దగ్గరికి వద్దాం. నాటకంలో అన్ని చావులకూ మొదలు ఎక్కడ? అబిగెయిల్ దగ్గర కాదు, ప్యారిస్ దగ్గర. బిడ్డ మంచం మీద పడి ఉంటే ఆయన ముందు ఆలోచించింది, ఊర్లో నా శత్రువులకు ఇది తెలిస్తే నా పదవి ఏమైతది అని. పిల్లలు భయపడి దాచిన చిన్న తప్పు అది. ఆడపిల్లలు అడవిలో డాన్స్ చేశారు, అంతే. ఆ రోజే నిజం చెప్పి ఉంటే రెండు దెబ్బలతో పోయేది. పరువు కోసం దాచాడు. దాచింది పెరిగి పెరిగి ఊరిని తిన్నది. చివరికి అబిగెయిల్ ఆయన డబ్బులే ఎత్తుకుని పారిపోయింది. అటు పరువూ పోయింది, ఇటు మనుషులూ పోయారు.

ఇంకో దిక్కు ప్రాక్టర్. అతను దేవుడేం కాదు. తప్పు చేసినోడు, ఆ తప్పు కోర్టులో అందరి ముందు తన నోటితో చెప్పుకున్నోడు. చివర్లో బతకాలని అబద్ధం ఒప్పుకుంటూ సంతకం కూడా పెడతాడు. ఇంకెవరి పేర్లన్నా చెప్పమంటే మాత్రం చెప్పడు. ఆ సంతకం కాయితం చర్చి తలుపుకు అంటిస్తామంటే చింపేసి ఉరికి పోతాడు. అబద్ధం కింద తన పేరు ఉండొద్దు అని.

ప్యారిస్ కాపాడుకున్నది పరువు. ప్రాక్టర్ కాపాడుకున్నది పేరు. రెండూ ఒకటే అనుకుంటాం కానీ కాదు. పరువు అంటే బయటోడు ఏమనుకుంటడో అనే భయం. పేరు అంటే మనం ఏం చేశామో దాని కింద మనం పెట్టే సంతకం. పరువు కోసం మనిషిని దాచిపెట్టాలి, నోరు మూయాలి. పేరు కోసం నోరు తెరవాలి. నాటకం మొత్తంలో అసలు సంఘర్షణ ఈ రెండింటి మధ్యనే అని మా అభిప్రాయం. నోట్సులో లేదు, మార్కులు పడకపోతే పడకపోనీ.

అన్నలారా, నాటకం ఆపండి, పరువు పోతది అన్నప్పుడు మీరు ఏ పాత్ర మాట మాట్లాడారో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకో మాట. 2021 పద్మశ్రీ జాబితాలో మార్లవాయి కనకరాజు తాత పేరు వచ్చిన రోజు మనమందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. గుస్సాడీని దేశమంతా చూసిందని గర్వపడ్డాం. 2024 అక్టోబర్‌లో తాత పోయినప్పుడు ఏడ్చినం. అదే జాబితాలో ఇంకో ఇద్దరు ఆడోళ్ల పేర్లు ఉన్నయి, మనం చూడలేదు. అస్సాంలో రాభా తెగ ఆడబిడ్డ బీరుబాలా రాభా. ఝార్ఖండ్‌లో ఛుట్నీ దేవి, ఈమెనే మంత్రగత్తె అని ఊరోళ్లు హింస పెట్టి వెళ్లగొట్టారు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది ఒక్క పనికే, మంత్రాల నింద పడ్డ ఆడవాళ్లను కాపాడినందుకు. బీరుబాలా తన జనం మధ్యన నిలబడి ఇది తప్పు అన్నది. రాభాల పరువు పోయిందా? పేరు వచ్చింది. డాన్స్‌కు వచ్చిన పద్మశ్రీ మనదైతే, ఆ ఇద్దరు ఆడోళ్లకు వచ్చిన పద్మశ్రీ కూడా మనదే.

మూడో కారణం: మన దేవుళ్లు, మన దేవారి

ఇది స్పష్టంగా చెప్తాం, మళ్లీ ఎవరూ తిప్పి మాట్లాడొద్దు. మేం పెర్సపేన్‌కు మొక్కుతాం. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోతాం. దేవారి పూజ చేయకుండ మా ఇళ్లల్లో విత్తనం పడదు. చెట్ల మందులను ఎగతాళి చేసేటోళ్లం కాదు. ఆ అవ్వకు తెలిసిన మందులు మాకు తెలియకపోవడమే మా బాధ. మా నాటకంలో ఒక్క దేవుడినీ, ఒక్క దేవారినీ పెట్టలేదు.

మేం కాదంటున్నది ఒక్కటే, వేలు చూపుడు. ఒక మనిషిని చూపించి నీ వల్లనే పిల్ల పోయింది అనుడు. అది మన సంస్కృతి కాదు. మహారాష్ట్ర దిక్కు కరణి అంటరు, ఇంకో దిక్కు బాణామతి అంటరు, ఉత్తరాన డాయన్ అంటరు, ఇంగ్లీషులో విచ్ అంటరు. అన్ని భాషల్లోనూ ఉన్నది ఒక్క మన సంస్కృతి ఎట్ల అయితది? దండారి దీపావళికి మొక్కుగా ఆడేది. దాన్ని ఆగస్టులో మైకుల ముందు ఆడిస్తే సంస్కృతి కాపాడినట్టు, ఒక అవ్వను కాపాడమంటే సంస్కృతిని అవమానించినట్టు. ఇదేం లెక్క?

భయం ఎక్కడినుంచి వస్తదో కూడా మాకు తెలుసు. దవాఖాన దూరం. వానాకాలం వాగు దాటలేం. మలేరియా ఉంది, రక్తహీనత ఉంది. మన తెగల్లో సికిల్ సెల్ ఉంది. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ గుణం లోపల ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం. పైకి ఇద్దరూ మంచిగనే కనబడతరు. బిడ్డకు మాత్రం కీళ్లు పట్టేస్తయి, ఒళ్లు నొప్పులు, కండ్లు పచ్చబడతయి, మళ్లీ మళ్లీ. ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తే ఆ ఇంటికి ఏదో చేసిండ్రు అనిపించుడు సహజమే. ఒక చిన్న రక్త పరీక్షతో తేలిపోయే సంగతి అది. ఆన్ పుట్నమ్‌కు ఆ కాలంలో పరీక్ష లేదు. మనకు ఉంది.

కానీ దవాఖాన దూరమని మనిషి మీద నింద వేసుడు న్యాయం కాదు. రోడ్డు వేయనోడిని అడగలేక, పక్కింటి అవ్వను అడుగుతున్నాం. ఆమెకు వెనక ఎవరూ లేరు కాబట్టి. టిటుబాకు కూడా ఎవరూ లేరు. నాటకంలో ఆమెను నల్ల బానిస అని పెట్టిండు మిల్లర్. సేలం కోర్టు కాయితాల్లో ఆమెను ఇండియన్ అని రాశారు. ఇండియన్ అంటే అక్కడి ఆదివాసి. ఊర్లో అందరికంటే ముందు వేలు ఎవరి మీద పడిందో చూడండి. తర్వాత ఏడాదికి పైగా జైల్లో ఉంది. జైలు ఖర్చు కట్టనన్నాడు ప్యారిస్.

చట్టం సంగతి కూడా తెలుసుకుందాం. 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టాన్ని సవరించినప్పుడు, మంత్రగత్తె అని నింద వేసి మన మనిషిని కొట్టినా, మనసు క్షోభ పెట్టినా నేరమని చేర్చారు. మంచిదే. కానీ ఆ చట్టం ఎస్సీ, ఎస్టీ కానోళ్లు మన మీద చేసినదానికి. మన గూడెంలో మన మనిషే అంటే ఆ సెక్షన్ రాదు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్రలో 2013 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. దాని కోసం కొట్లాడిన నరేంద్ర దభోల్కర్‌ను అదే ఏడాది ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపినంకనే అది వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి ఉంది, కర్ణాటక 2017లో చేసుకుంది. మూడూ మన పక్క రాష్ట్రాలే. తెలంగాణకు అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. మనిషి చచ్చినంక హత్య కేసు ఉంటది. దండారి ఇంటి ముందు ఆగకుండ పోయిన రోజుకు ఏ కేసూ లేదు.

అందుకే ఇది మన రాయ్ సెంటర్‌లో, మన గ్రామసభలో తేలాల్సిన పని. 1996 పెసా చట్టం మన ఆచారాలను, మన తగవులు తీర్చే పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. అధికారం మనదైనప్పుడు అవ్వకు జరిగినదానికి జవాబు కూడా మనదే. నాటకంలో జడ్జి డాన్‌ఫోర్త్ ఏమంటడో తెలుసా? ఇప్పటికే పన్నెండు మందిని ఉరి తీసినం, ఇప్పుడు మిగిలినోళ్లను వదిలితే ఆ పన్నెండు మందిని తప్పుగా చంపినట్టు అయితది అంటడు. ఒకసారి చెప్పిన తీర్పు వెనక్కి తీసుకుంటే పెద్దరికం పోతదని. మా పెద్దలు డాన్‌ఫోర్త్‌లు కావొద్దు. తప్పైంది అంటే పెద్దరికం పెరుగుతది, తగ్గదు.

మా తప్పు

అందరినీ అన్నాం, ఇప్పుడు మమ్మల్ని మేం అనుకోవాలి. నాటకంలో మేరీ వారెన్ అని ఒక పిల్ల ఉంటది. ఇదంతా నాటకం, మేం అబద్ధం ఆడినం అని కోర్టులో చెప్పడానికి వస్తది. తోటి పిల్లలు పైన పక్షి కనబడుతుందని కేకలు పెట్టేసరికి తట్టుకోలేక వాళ్లలో కలిసిపోతది. రిహార్సల్‌లో ఆ సీన్ వచ్చినప్పుడు మాలో ఇద్దరు తల దించుకున్నారు. చేటలో బియ్యం వేసి చూసిన రోజు వాళ్లిద్దరూ అక్కడే ఉన్నరు. సెలవులకు పోయి ఉండె. ఇంటర్‌లో బైపీసీ, మలేరియా దోమ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నోళ్లు. నోరు తెరవలేదు. పుస్తకాల మూట మోసుకుని వచ్చిన హేల్ పాస్టర్ కూడా ఇంతే. అంతా తెలుసనుకుంటడు, తప్పు తెలిసేసరికి ఆలస్యం. చదువుకున్నోళ్ల గురించి ఈ నాటకం అన్నంత కఠినంగా మమ్మల్ని ఎవరూ అనలేదు.

అందుకే ఈ నాటకం మాకు కావాలి. ఊరికి నీతి చెప్పడానికి కాదు, మళ్లీ అట్లాంటి రోజు వస్తే మా నోరు తెరుచుకోవాలని.

ఆ చెల్లె సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాం. పాత్రలు పంచుకునేటప్పుడు ఆమెకు రెబెకా నర్స్ పాత్ర ఇద్దామనుకున్నాం, వాళ్ల అవ్వ పాత్రే కదా అని. ఆమె వద్దన్నది. "నేను ఆన్ పుట్నమ్ చేస్తా" అన్నది. అదేంది, అది నింద వేసిన ఆమె పాత్ర కదా అంటే, "మా ఊర్లో పిల్ల పోయినామె రాత్రంతా ఏడ్చింది. మా అవ్వ కూడా విన్నది. ఆమె ఎందుకట్ల అన్నదో నాకు తెలుసుకోవాలని ఉంది" అన్నది. మెస్ హాల్‌లో కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. పాత్రను అర్థం చేసుకోవడం అంటే ఇదీ అని మాకు ఆ రోజు తెలిసింది. ఆ చెల్లెను స్టేజీ ఎక్కొద్దు అంటున్నారు మీరు.

మేం అడిగేవి ఇవీ. ఆగస్టు 9న వద్దంటే ఇంకో రోజు ఇవ్వండి. రాయ్ సెంటర్ పెద్దలు ముందు వరసలో కూర్చోవాలి, అయినంక తప్పుంటే అక్కడే మమ్మల్ని తిట్టాలి. ఏ గూడెంలో పిల్ల పోయినా ముందు రక్త పరీక్ష అడగాలని, మనిషి పేరు గానీ, ఇంటి దిక్కు గానీ చెప్పించొద్దని గ్రామసభల్లో తీర్మానం చేయాలి. రాష్ట్రంలో చట్టం కోసం మన సంఘాలు అడగాలి. అవ్వ నాలుగెకరాలు అవ్వకు రావాలి.

సేలంలో ఎలిజబెత్ జాన్సన్ అనే ఆమెకు 1693లో శిక్ష పడింది. ఉరి తీయలేదు, కానీ దోషుల పట్టీలో పేరు అట్లనే ఉండిపోయింది. ఆమెకు పిల్లలు లేరు, అడిగేటోళ్లు లేరు. నార్త్ ఆండోవర్ అనే ఊర్లో ఎనిమిదో తరగతి పిల్లలు ఆ సంగతి చదివి, ఉత్తరాలు రాసి, వెంటపడితే, 2022లో ఆ రాష్ట్రం ఆమె నిర్దోషి అని ప్రకటించింది. 329 ఏళ్లకు. చేసింది బడిపిల్లలు.

మా అవ్వ ఇంకా బతికే ఉంది. మనకు 329 ఏళ్లు ఆగే పని లేదు. ఈ దీపావళికి దండారి ఆ తూర్పు దిక్కు ఇంటి ముందు ఆగితే చాలు.

జై జంగో, జై లింగో. జై కుమ్రం భీం.

ఇచ్చోడ హాస్టల్ నుంచి, నాటకంలో ఉన్నోళ్లందరం